బస్తా మీద ఎనిమిది రూపాయలు: ఒక అపార్ట్‌మెంట్ సైట్ లెక్క

2022 జూన్ మూడో వారంలో ఒక బిల్డర్ ఫోన్ చేశారు. హైదరాబాద్ శివారులో 1,500 గజాల స్థలం, స్టిల్ట్ (కింద పార్కింగ్‌కి వదిలిన అంతస్తు) మీద అయిదంతస్తులు, మొత్తం 20 ఫ్లాట్లు. స్థలం యజమానితో సగం సగం ఒప్పందం కాబట్టి ఆయన వాటాకి 10 ఫ్లాట్లు. అప్పటికే అయిదు బుక్ అయ్యాయి.

"ఫ్లాట్లు అమ్ముడవుతున్నాయి సార్. మెటీరియల్ అంతా నేనే దగ్గరుండి బేరమాడి కొంటున్నా. అయినా నెల తిరిగేసరికి చేతిలో పైసా ఉండటం లేదు. సైట్‌లో ఎవడో నొక్కేస్తున్నాడు. ఎవడో మీరు తేల్చండి" అన్నారు.

ఆయన అనుమానం సూపర్‌వైజర్ మీద. నేను పదహారేళ్లుగా చేస్తున్నది క్వాంటిటీ, ప్లానింగ్ పని. దొంగతనం ఉందా లేదా అన్నది అందులో చిన్న లెక్కే. డ్రాయింగ్ ప్రకారం ఎంత కాంక్రీటు పడాలి, దానికి ఎన్ని బస్తాలు, ఎన్ని టన్నుల స్టీల్ అని తీసి, కొన్న బిల్లులతో, గోడౌన్‌లో మిగిలినదానితో సరిచూస్తే చాలు. రెండు రోజుల్లో తేలింది. సిమెంట్‌లో తేడా మూడు శాతం లోపు. స్టీల్‌లో ఇంకొంచెం ఎక్కువ ఉన్నా, అది కట్ పీసుల గుట్టలో కనిపిస్తూనే ఉంది. సూపర్‌వైజర్ దొంగ కాదు. ఈ మాట చెబితే బిల్డర్ గారు సంతోషించాలి కదా, ఆయన మొహం మాత్రం వాడిపోయింది. దొంగ దొరికి ఉంటే ఆయన పని సులువయ్యేది.

అప్పుడు నేను ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను. ఈ సైట్ ఒక్క రోజు ఊరికే నిలబడితే మీకెంత ఖర్చు?

ఆయన దగ్గర జవాబు లేదు. సిమెంట్ బస్తా ధర ఏ డీలర్ దగ్గర ఎంతో రూపాయి తేడా లేకుండా చెప్పగల మనిషి. కానీ ఒక రోజు ధర ఆయనకి తెలియదు. ఇది ఆయన ఒక్కడి సంగతి కాదు. నేను చూసిన చిన్న బిల్డర్లలో పదిమందికి తొమ్మిది మంది ఇంతే.

కూర్చుని లెక్క వేశాం. బయట తెచ్చిన అప్పు కోటీ ఇరవై లక్షలు, రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకి 2,40,000. సైట్ ఇంజనీరు, సూపర్‌వైజర్, వాచ్‌మన్, స్లాబ్ కింద ఆనించడానికి అద్దెకి తెచ్చిన జాకీలు, కరెంటు, నీళ్ల ట్యాంకర్లు కలిపి నెలకి 2,10,000. మొత్తం నాలుగున్నర లక్షలు. రోజుకి 15,000. ఇటుక కదిలినా కదలకపోయినా, ఆదివారమైనా అమావాస్యైనా ఇది పోతూనే ఉంటుంది.

ఇక బేరాల లెక్క. స్టిల్ట్‌తో కలిపి కట్టేది 39,000 చదరపు అడుగులు. అడుగుకి 0.4 బస్తా సిమెంట్, నాలుగు కిలోల స్టీల్ అని అందరూ వేసే కాకి లెక్క ప్రకారం 15,600 బస్తాలు, 156 టన్నులు. బస్తా మీద పది రూపాయలు తగ్గితే భవనం మొత్తం మీద మిగిలేది 1,56,000. టన్ను మీద వెయ్యి తగ్గినా అంతే మిగులుతుంది. ఈ రెండు అంకెలూ ఒకటే కావడం యాదృచ్ఛికం, కానీ సైట్‌లో గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. పది రోజులు సైట్ ఊరికే నిలబడితే అందులో ఒక బేరం దాదాపు మొత్తం హరీ.

ఇది విన్నాక కూడా ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. "రోజులు ఎక్కడ పోతున్నాయి సార్? సైట్ ఎప్పుడూ నడుస్తూనే ఉందిగా" అన్నారు. నిజమే, వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో ఒక పని చేస్తూనే కనిపిస్తారు. మొదటి స్లాబ్‌కీ రెండో స్లాబ్‌కీ మధ్య 34 రోజులు పట్టింది. రెండోది జూన్ 9న పడింది. మూడోది పడేదాకా రోజుకొక వరుస చొప్పున ఒక నోట్‌బుక్‌లో రాయిస్తానన్నాను. షరతు ఒక్కటే. "పని జరిగింది" అని రాయకూడదు. "తర్వాతి స్లాబ్ దగ్గరపడటానికి ఈరోజు ఏం జరిగింది, జరగకపోతే దేనికోసం ఆగింది" అని రాయాలి. నేను రాకముందు వారం రోజులది హాజరు రిజిస్టర్ నుంచి పూరించాం.

ముప్పై ఎనిమిది రోజులు

మూడో స్లాబ్ జులై 17న పడింది. మొత్తం 38 రోజులు. నోట్‌బుక్ ప్రకారం ఆ స్లాబ్ కోసం నిజంగా పని జరిగింది 14 రోజులు. మిగతా 24 రోజుల్లో సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే షీట్లు, జాకీలు కట్టే పని) ముఠా రాక ఆగినవి ఆరు. కింది స్లాబ్ సెంట్రింగ్ విప్పక, షీట్లు లేక నాలుగు. 12 ఎంఎం రాడ్ లేక మూడు. ఎలక్ట్రీషియన్ పైపులు వేయడానికి రాక రెండు. అంతా సిద్ధమయ్యాక స్లాబ్ వేయడానికి డబ్బు సర్దుబాటు కాక నాలుగు. చివరి అయిదు వాన.

బిల్డర్ గారు వెంటనే ఆ చివరి అంకె పట్టుకున్నారు. "వాన నా చేతిలో ఉందా?" ఆ జులై రెండో వారం వానలు ఎవరూ మర్చిపోరు, గోదావరి ఊళ్లమీద పడిన రోజులవి. కానీ క్యాలెండర్ తీసి చూపించాను. ఇదే స్లాబ్ 25 రోజుల్లో సిద్ధమై ఉంటే జులై 4న పడేది. వాన మొదలయ్యేసరికి దానికి అదే క్యూరింగ్ (కాంక్రీటుని తడిపి ఉంచడం) అయ్యేది. ముందు పోగొట్టుకున్న రోజులే మనల్ని తీసుకెళ్లి ఆ వానలో నిలబెట్టాయి.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినవి ఆ మొదటి ఆరు రోజులు. సెంట్రింగ్ మేస్త్రీ పాలమూరు మనిషి, పనిమంతుడు. ఎందుకు రాలేదని అడిగితే మొదట ఊళ్లో పెళ్లి అన్నాడు. టీ తాగాక అసలు మాట బయటపడింది.

"సార్, రెండో స్లాబ్ బిల్లు రెండు లక్షల ఎనభై వేలు ఆగింది. మా పోరగాళ్లకి శనివారం ఖర్చీ ఇయ్యకపోతే సోమవారం ఎవడొస్తడు? వేరే సైట్ల పైసలిస్తుండ్రు, ఆడికి పోయినం."

ఆ వారం బిల్డర్ గారి పాస్‌బుక్‌లో డబ్బు లేదా? ఉంది. జూన్ 20న 3,40,000 సిమెంట్ డీలర్‌కి వెళ్లింది. వెయ్యి బస్తాలు ఒకేసారి నగదు ఇచ్చి తీసుకుంటే బస్తా మీద ఎనిమిది రూపాయలు తగ్గిస్తానన్నాడట. ఎనిమిది వేలు మిగిలాయి. ఆ ఎనిమిది వేల కోసం మేస్త్రీకి ఇవ్వాల్సిన డబ్బు ఆగింది, మేస్త్రీ వేరే సైట్‌కి పోయాడు, ఆరు రోజులు పోయాయి. ఆరు పదిహేనులు తొంభై వేలు.

కథ అక్కడితో అయిపోలేదు. ఒక స్లాబ్‌కి దాదాపు ఎనిమిది వందల బస్తాలు కావాలి. స్లాబ్ ముందే పడితే ఆ సిమెంట్ చాలావరకు జులై మొదట్లోనే అయిపోయేది. పడలేదు కాబట్టి టార్పాలిన్ కింద జులై వానల్లో కూర్చుంది. ఒక మూల టార్పాలిన్ చిరిగి ఉంది. అడుగు వరుసలో బస్తాలు పట్టుకుని చూస్తే లోపల బూడిదరంగు బండరాయి. నేనూ సూపర్‌వైజర్ కలిసి లెక్కపెట్టాం, 60 బస్తాలు. ఇరవై వేల రూపాయల పైమాటే. బిల్డర్ గారు వచ్చి ఒక బస్తాని కాలితో తన్ని చూశారు. ఏమీ అనలేదు.

ఇలాంటిదే స్టీల్ సంగతి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ వేసవిలో కడ్డీ టన్ను డెబ్బై అయిదు వేల దాకా పోయింది. ఇంకా పెరుగుతుందని ఏప్రిల్‌లో ఈయన 40 టన్నులు కొని పడేశారు. ఆ నెలకి కావాల్సింది ఇరవై టన్నుల లోపే. మే 22న కేంద్రం ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసింది, ధర జారింది. వర్షాకాలం నాటికి పది వేలకి పైగా దిగింది. ధర పడుతుందని ముందే తెలుసుకోలేదని నేను ఆయన్ని తప్పుపట్టను, అది ఎవరికీ తెలియదు. అప్పు డబ్బుతో, రెండు రూపాయల వడ్డీకి, ధర మీద పందెం కాయడాన్ని మాత్రం తప్పుపడతాను. అంత స్టీల్ కొన్నా జులైలో 12 ఎంఎం లేక మూడు రోజులు ఆగాం చూశారా? గుట్టలో ఉన్నదంతా 16, 20 ఎంఎం. బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ సైజు రాడ్ ఎంత కావాలో చెప్పే పట్టిక) వేయకుండా టన్నుల్లో కొంటే ఇంతే.

స్లాబ్ పడితే డబ్బు, డబ్బు ఉంటే స్లాబ్

ఇక్కడ అపార్ట్‌మెంట్ ఆర్థికం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే వ్యక్తిగత ఇల్లు కట్టేవాళ్లకి ఈ తిప్పలు ఉండవు. ఫ్లాట్ సగటున 1,625 అడుగులు, అడుగు 5,500, అంటే 89 లక్షల చిల్లర. కొన్నవాళ్లు ఒక్కో స్లాబ్‌కి ఎనిమిది శాతం చొప్పున కట్టాలి. అయిదు ఫ్లాట్ల మీద స్లాబ్‌కి 35 లక్షల పైచిలుకు. స్లాబ్ పడితేనే ఆ డబ్బు అడగగలరు. అందరూ బ్యాంక్ లోన్ వాళ్లే కాబట్టి బ్యాంక్ నుంచి మనిషి వచ్చి చూసి వెళ్లాకే విడుదల.

వచ్చిన డబ్బంతా చేతిలోకి రాదు. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చినదాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే తెరిచిన ప్రత్యేక ఖాతాలో పడాలి. అందులోంచి తీయాలంటే పని ఎంత శాతం పూర్తయిందో దానికి తగ్గట్టు ఇంజనీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ సర్టిఫికెట్ ఇవ్వాలి. మంచి నియమం. ఒక సైట్ డబ్బు తీసుకెళ్లి ఇంకో సైట్‌లో పోసే అలవాటుకి అది అడ్డుకట్ట. కానీ మన బిల్డర్ గారు అకౌంటెంట్‌ని రెండు నెలలకి ఒకసారి పిలిచేవారు. ఫీజు మిగులుతుందని! దాంతో ఖాతాలో ఇరవై అయిదు లక్షలు ఉండగానే బయట రెండు రూపాయల వడ్డీకి తిరిగారు. స్లాబ్ వేయడానికి డబ్బు లేక ఆగిన ఆ నాలుగు రోజులూ ఖాతాలో ఆయన డబ్బే ఉంది.

మరి ఆయన బేరాల మీదే ఎందుకు అంత పట్టు? దానికీ ఒక కారణం ఉంది. 2019 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఫ్లాట్ల మీద జీఎస్టీ 5 శాతమే, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుని మినహాయించుకోవడం) లేదు. సిమెంట్ మీద అప్పట్లో కట్టిన 28 శాతం (2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది), స్టీల్ మీద 18 శాతం తిరిగి రావు, ఖర్చులోనే కలిసిపోతాయి. అందుకే ప్రతి కొనుగోలూ గుచ్చుకుంటుంది. కొందరు బిల్లు లేకుండా కొని మిగిల్చామనుకుంటారు. ఈ 5 శాతం పద్ధతిలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని వాళ్ల దగ్గర సిమెంట్ కొంటే ఆ పన్ను బిల్డరే రివర్స్ చార్జ్ కింద కట్టాలి. మిగిలేదేమీ లేదు, నోటీసు టెన్షన్ తప్ప.

ఏం మార్చాం

మొదటిది మేస్త్రీల డబ్బు. సెంట్రింగ్, రాడ్ బెండింగ్ ముఠాలకి స్లాబ్ పడ్డాక బిల్లు అనే పద్ధతి తీసేసి, ప్రతి శనివారం ఆ వారం జరిగిన పనికి కొలిచి ఇవ్వడం మొదలుపెట్టాం. పదిశాతం పట్టుకుని స్లాబ్ రోజు సాయంత్రం ఇచ్చేసేవాళ్లం. ఆ శనివారం డబ్బుకి రెండున్నర లక్షలు విడిగా ఒక ఖాతాలో పెట్టించాను. దాన్ని ముట్టుకోకూడదని షరతు. ముట్టుకున్నారు, రెండుసార్లు. రెండుసార్లూ సోమవారం సెంట్రింగ్ వాళ్లు సగం మందే వచ్చారు. మూడోసారి ముట్టుకోలేదు.

రెండోది సెంట్రింగ్ సామాను. ఒక్క సెట్టే ఉంది. కింద విప్పితేగానీ పైన కట్టలేరు. మేస్త్రీ ఏమో 21 రోజులైతేగానీ ఏదీ విప్పనంటాడు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం వెంటనే ఆధారాలు మళ్లీ పెట్టేట్టయితే స్లాబ్ అడుగు షీట్లు మూడు రోజులకి తీయొచ్చు. స్లాబ్ కింది జాకీలు నాలుగున్నర మీటర్ల దాకా ఏడు రోజులు, అంతకు మించితే 14. ఆరు మీటర్ల దాకా బీములకి 14, మించితే 21. అయితే ఇవి మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి చెప్పిన రోజులు. మేం వాడింది పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంట్), అది మెల్లగా బలం పుంజుకుంటుంది. పైగా కొత్త స్లాబ్ బరువు కింది స్లాబ్ మీదే పడుతుంది. అందుకే స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో మాట్లాడి, షీట్లు తీసినా కదలకుండా ఉండే జాకీల వరుసలు ముందే పెట్టించాం. ఏడో రోజు క్యూబ్ (అదే కాంక్రీటుతో పోసిన నమూనా దిమ్మ) బలం ఫలితం చూశాకే షీట్లు. బీముల కింద 21 రోజులు ఎవరూ చేయి పెట్టకూడదు. దీనికి జాకీలు, బీముల అడుగున పెట్టే షీట్లు కలిపి సగం సెట్ పైన అద్దెకి తెచ్చాం, నెలకి 60,000. ఈ మాట చెప్పిన రోజు బిల్డర్ గారు నన్ను దాదాపు పంపించేశారు. "ఖర్చు తగ్గించమంటే పెంచుతారేంటండీ?" నాలుగు రోజుల ధర అని చెప్పాను. అప్పటికి రోజు ధర ఆయనకి నోటికి వచ్చింది కాబట్టి సరిపోయింది.

మిగతావి చిన్నవి. రాడ్ షెడ్యూల్ ఒక స్లాబ్ ముందే వేసి సైజు వారీగా ఆర్డర్. ఎలక్ట్రీషియన్‌కి మూడు రోజుల ముందు ఫోన్. స్లాబ్ పడిన రోజే ఫొటోలు, ఆర్కిటెక్ట్ సర్టిఫికెట్‌తో కొనుగోలుదారులకి డిమాండ్ లెటర్లు. అకౌంటెంట్ నెలనెలా.

నాలుగో స్లాబ్ 25 రోజుల్లో, ఆగస్టు 11న పడింది. అయిదోది 22 రోజుల్లో, వినాయక చవితి అయిన రెండు రోజులకి. ఆరోది 26 రోజులు, సెప్టెంబర్ 28న. దసరాకి ముందు ఒడిశా కుర్రాళ్లు కొందరు ఊరికి వెళ్లిపోయారు, దానికి నా దగ్గర మందు లేదు. మొత్తం మూడు స్లాబులకి 73 రోజులు. పాత సగటు 36 చొప్పున అయితే 108 పట్టేవి. 35 రోజులు మిగిలాయి. రోజుకి 15,000 చొప్పున 5,25,000. మూడు నెలల జాకీల అద్దె 1,80,000 తీసేస్తే 3,45,000. నా ఫీజు ఎంతన్నది ఇక్కడ అనవసరం.

ఓడిన చోట

గోడల పని మీద కూడా ఇదే రకం పరిశీలన చేశాను, అది మాత్రం కుదరలేదు. నలుగురు మేస్త్రీలు, ఆరుగురు కూలీల ముఠా. పావుగంటకి ఒకసారి తిరుగుతూ ఆ క్షణాన పదిమందిలో ఎవరు ఏం చేస్తున్నారో గీతలు గీసుకున్నాను. ముప్పై రౌండ్లు, మూడు వందల గీతలు. గోడ కడుతూ కనిపించినవి 114. మోయడం, పరంజా కట్టడం, మాలు కలపడం 87. ఊరికే నిలబడ్డవి 99. అంటే మూడో వంతు. బద్ధకం కాదు, ఇటుక రావాలి. ఇటుకలేమో ప్లాట్ వెనక మూల, మెటీరియల్ లిఫ్ట్ ముందు మూల. ముందురోజు సాయంత్రమే ఇద్దరు మనుషుల్ని పెట్టి మర్నాటికి సరిపడా ఇటుక పైకి ఎక్కించమన్నాను.

"గోడ కట్టేది కొలత మీద కదా సార్. వాడు నిలబడితే వాడికే నష్టం, నాకేంటి?" అన్నారు బిల్డర్ గారు.

వాదనలో తప్పు కనిపించదు. కానీ రోజంతా నిలబడి సాయంత్రానికి కూలి గిట్టని మేస్త్రీ రెండు వారాల్లో వేరే సైట్ చూసుకుంటాడు, లేదా రేటు పెంచమంటాడు. రెండూ జరిగాయి. ముఠా మారింది, కొత్త ముఠా అడుగుకి రెండు రూపాయలు ఎక్కువ అడిగింది. ఇద్దరు కూలీల సాయంత్రం ఖర్చు మాత్రం ఆయన చివరిదాకా పెట్టలేదు.

ఫినిషింగ్‌లో ఇంకా దారుణం. స్లాబుల దశలో అంతా ఒక్క వరుస, దేని తర్వాత ఏదో కళ్లకి కనిపిస్తుంది. ఫినిషింగ్‌లో ఇరవై ఫ్లాట్లలో ఇరవై రకాల పనులు, స్థలం యజమాని కుటుంబంలో ఒక్కొక్కరిది ఒక్కో కోరిక. ఒకరికి కిచెన్ ప్లాట్‌ఫాం ఇటు, ఒకరికి పూజ గది అటు. నా నోట్‌బుక్ పద్ధతి అక్కడ చెదిరిపోయింది. మొత్తం మీద ప్రాజెక్టు అనుకున్నదానికంటే అయిదు నెలలు ఆలస్యంగానే పూర్తయింది.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో ఉండొచ్చని ఇచ్చే అనుమతి) దగ్గర ఇంకొక దెబ్బ. అనుమతి ఇచ్చేటప్పుడే కట్టడంలో పదిశాతం తనఖాగా రాసివ్వాలి, సర్టిఫికెట్ వచ్చేదాకా అవి రిజిస్టర్ కావు. ఇక్కడ అది రెండు ఫ్లాట్లు, రెండూ బిల్డర్ వాటాలోవే. కోటీ డెబ్బై ఎనిమిది లక్షల సరుకు. ఆ డబ్బు వస్తే బయటి అప్పు మొత్తం తీరిపోతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు స్టిల్ట్‌లో ఒక గది చూశారు. ప్లాన్‌లో అది కారు పార్కింగ్. బిల్డర్ గారు స్టోర్ రూమ్‌కి పనికొస్తుందని గోడ పెట్టించారు. తీసేయమన్నారు. ఈయన, స్థలం యజమాని, ఆర్కిటెక్ట్ కలిసి తీయాలా, ఎవరితోనైనా చెప్పించుకోవాలా అని రెండు నెలలు తర్జనభర్జన పడ్డారు. నెలకి 2,40,000 చొప్పున 4,80,000 వడ్డీ కట్టారు. మూడు స్లాబుల మీద మేం మిగిల్చినదానికంటే ఎక్కువ. చివరికి గోడ తీశారు. ఇద్దరు కూలీలు పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనానికి ముందే పూర్తిచేశారు. ఇటుకలు చాలావరకు పగలకుండా వచ్చాయి. వాటిని ఎంతకి అమ్మొచ్చని బిల్డర్ గారు నాకు ఫోన్ చేసి అడిగారు.